వానకు ఆకు రాల్చి, ఎండకు చిగురించే ముళ్ల చెట్టు

సహారా ఎడారికి దిగువన, పశ్చిమ ఆఫ్రికా అడ్డంగా పరుచుకున్న సాహెల్ మెట్ట నేలల్లో ఏప్రిల్ అంటే పచ్చదనం కరువైన నెల. చివరి వాన పడి ఆరు నెలలు దాటి ఉంటుంది. సజ్జ చేలలో కొయ్యకాళ్లను పశువులు మేసేసి ఉంటాయి, చొప్ప ఇళ్ల కప్పులకో దొడ్లకో చేరి ఉంటుంది, నేలంతా ఇసుక తేలి బోసిగా ఉంటుంది. ఆ బోసి చేల నడుమ నిండుగా ఆకు పట్టి, కాయలు రాలుస్తూ నిలబడే పెద్ద ముళ్ల చెట్టు ఒకటుంది. జూన్, జులైలలో వానలు మొదలై చుట్టూ ఉన్న చెట్లన్నీ చిగురు తొడుగుతుంటే ఇది మాత్రం ఉన్న ఆకంతా రాల్చేసి మోడులా నిలబడుతుంది. మళ్లీ పంట కోతకొచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో చిగురిస్తుంది.

శాస్త్రవేత్తలు దీన్ని ఫైదెర్బియా ఆల్బిడా అంటారు. నైజర్‌లో హౌసా రైతులకు ఇది గావో. సెనెగల్‌లో వొలోఫ్ వాళ్లకు కాద్, సెరెర్ వాళ్లకు సాస్. మాలిలో బలాంజాన్, సుడాన్‌లో హరాజ్, జాంబియాలో ముసాంగు. ఈ చెట్టు మీద వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం దాని తలకిందుల పంచాంగం దగ్గరే ఆగిపోతాయి. ఆ గుణం నిజంగా అబ్బురమే. కానీ చేల మధ్య ఈ చెట్లు తరతరాలుగా నిలిచి ఉండటానికి ఆ ఒక్క గుణమే చాలదు. కాయ ఎవరిది, కొమ్మ ఎవరు నరకొచ్చు, మొలకను ఎవరు కాపాడాలి అనే కట్టుబాట్లు ఉన్నచోట ఈ చెట్టు బతికింది. ఆ కట్టుబాట్లు చెడినచోట వానలు బాగా పడిన ఏళ్లలో కూడా తగ్గిపోయింది.

ఇది మన తుమ్మకు దగ్గరి బంధువు. 1813లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు డెలీల్ దీన్ని తుమ్మల ప్రజాతిలోనే చేర్చి అకేసియా ఆల్బిడా అన్నాడు. 1934లో షెవాలియే దీన్ని విడదీసి, సెనెగల్‌ను పాలించిన ఫ్రెంచి సైన్యాధికారి ఫైదెర్బ్ పేరు పెట్టాడు. ఆఫ్రికా ముళ్ల చెట్లలో బాగా ఎత్తు పెరిగేవాటిలో ఇదొకటి. మంచి నేల దొరికితే 30 మీటర్ల దాకా పోతుంది. లేత కొమ్మలు తెల్లగా ఉంటాయి. ప్రతి ఆకు మొదట్లో రెండేసి చొప్పున తిన్నని ముళ్లు ఉంటాయి. కాయ పండితే నారింజ రంగుకు తిరిగి, చక్రంలా చుట్టుకుపోతుంది. సెనెగల్ తీరం నుంచి ఎర్ర సముద్రం దాకా, అక్కడి నుంచి తూర్పు ఆఫ్రికా మీదుగా నమీబియా, దక్షిణాఫ్రికాల దాకా ఇది పెరుగుతుంది. దీని తల్లివేరు నీటిని వెతుక్కుంటూ దిగుతుంది. 30 మీటర్ల లోతుకు దిగిన వేర్లు కూడా కనిపించాయి. ఎండాకాలంలో ఆకు వేసే ధైర్యం దానికి ఆ లోతులోని నీటి వల్లే వచ్చింది. వానల్లో ఆకు ఎందుకు రాలుస్తుందన్న దానికి మాత్రం ఒక్క జవాబు లేదు. వరదకు మునిగే నది ఒడ్డుల్లో పుట్టిన జాతి కాబట్టి, వేర్లు నీట మునిగే కాలంలో నిద్రపోవడం అలవాటైందన్న వివరణ అన్నిటికంటే నమ్మదగినదిగా ఉంది. సుడాన్ పల్లెల్లో దీనికి ఇంకో కథ ఉంది. హరాజ్ వానతో తగవు పెట్టుకుందట, అందుకే వాన వచ్చినప్పుడు పచ్చగా కనబడనని మొండికేసిందట.

రైతుకు ఈ పంచాంగం ఎలా కలిసొస్తుందో చూడాలి. పొలంలో చెట్టు ఉంటే ఏ రైతుకైనా మొదటి భయం నీడ. మన దగ్గర గట్టు మీద నల్ల తుమ్మ ఉంటే దాని కింద నాలుగు సాళ్లు గిడసబారతాయని అందరికీ తెలుసు. గావో కింద ఆ ఇబ్బంది రాదు, సజ్జ పెరిగే మూడు నెలలూ పైన ఆకే ఉండదు కాబట్టి. ఆకు లేని చెట్టు నీరు కూడా పెద్దగా తాగదు. పైగా రాలిన ఆకు సరిగ్గా విత్తనం పడే వేళకు నేలకు చేరుతుంది. పప్పు జాతి చెట్టు కాబట్టి వేళ్ల బుడిపెల్లో గాలి నుంచి నత్రజనిని పట్టగలదు.

సెనెగల్‌లోని బాంబే అనే పట్టణపు పరిశోధన కేంద్రంలో షారో, విదాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో ప్రచురించిన కొలతల్లో, చెట్టు కింద సజ్జ దిగుబడి బయటి చేనుకంటే రెండున్నర రెట్ల దాకా ఉంది. జాంబియాలో ఎరువు వేయని మొక్కజొన్న చెట్టు కింద హెక్టారుకు సగటున 4.1 టన్నులు, చెట్టు పరిధి దాటాక 1.3 టన్నులు పండినట్టు 2008 కొలతలు చెప్పాయి. చాలామంది ఈ అంకెలు చూపించి, చెట్టు నాటితే చాలు పంట మూడింతలవుతుందని ప్రచారం చేశారు. ఇక్కడే కాస్త ఆగాలి.

ఆగమని చెప్పిన పరిశోధనకు మన నేలతోనే సంబంధం ఉంది. ఒకప్పటి మెదక్ జిల్లా మెట్ట నేలల్లో, పటాన్‌చెరులో ప్రధాన కేంద్రం ఉన్న మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు నైజర్ రాజధాని నియామే దగ్గర సదోరేలో ఇంకో కేంద్రం ఉంది. 1991లో నియామేలో ఈ ఒక్క చెట్టు మీదే పరిశోధకుల సమావేశం జరిగింది. ఆ పత్రాల సంపుటి మరుసటి ఏడాది పటాన్‌చెరులో అచ్చయింది. సదోరే పరిశోధకులు వేసిన ప్రశ్న సూటిగా ఉంది: చెట్టు వచ్చాక నేల బాగుపడిందా, నేల బాగున్నచోటే చెట్టు బతికిందా? ఒకే చేలో ఒకే రోజు నాటిన మొక్కల్లో కొన్ని ఏపుగా పెరగడం, కొన్ని గిడసబారడం వాళ్లు చూశారు. తవ్వి చూస్తే ఏపుగా పెరిగినవాటి కింద మట్టి ముందునుంచే మెరుగ్గా ఉంది, చాలాచోట్ల పాత చెదపుట్టల మట్టి కలిసి ఉంది. అంటే చెట్టు కింద కనబడే సారంలో కొంత చెట్టు కంటే పాతది. ఇంకొంత చెట్టు ఒక్కదాని పుణ్యం కాదు. ఎండలో నీడకు చేరిన పశువుల పేడ, కొమ్మల మీద వాలిన పక్షుల రెట్ట, ఎడారి గాలి మోసుకొచ్చి చెట్టు అడుగున దించిన సన్నని దుమ్ము కలిసి ఆ నేలను తయారు చేశాయి. ఆకు రాలిన కొమ్మల పల్చటి నీడ కూడా పనికొస్తుంది. సాహెల్ ఇసుక మధ్యాహ్నానికి ఎంత కాలిపోతుందంటే సజ్జ మొలక మొదలు దగ్గరే వాడిపోతుంది. ఆ వేడిలో కొన్ని డిగ్రీలు తగ్గినా మొలక నిలబడుతుందని సదోరేలోనే తేల్చారు.

ఈ పరిశోధనతో చెట్టు విలువ తగ్గిందనుకుంటే పొరపాటు. దాని విలువ ఎక్కడుందో ఇప్పుడే సరిగ్గా కనబడుతుంది. చెట్టు, పశువు, మనిషి కలిస్తేనే ఆ నేలలో సారం పోగుపడుతుంది. ఒక్క చెట్టును తెచ్చి పాతినంత మాత్రాన ఆ కూడిక మొత్తం వెంట రాదు.

పశువు దగ్గరికే వద్దాం. సాహెల్‌లో ఫిబ్రవరి నుంచి మే దాకా గడ్డి ఉండదు, ఉన్నా అందులో సత్తువ ఉండదు. సరిగ్గా ఆ నెలల్లో గావో కాయలు రాలతాయి. ఎదిగిన చెట్టు మంచి ఏడు వంద కిలోల పైన కాయ ఇస్తుంది. ఆ కాయలో మాంసకృత్తులు పది శాతం పైమాటే. పాలిచ్చే ఆవుకు, ఈనే మేకకు ఆ నెలల్లో దాణా అదే. ఆడవాళ్లు, పిల్లలు తెల్లవారుజామునే చెట్ల కింద రాలిన కాయలు ఏరి గంపల్లో నింపుతారు, కొంత ఇంటి గొర్రెలకు పోగా మిగిలింది సంతలో అమ్ముతారు. ఫులానీ కాపరులు పొడవాటి కర్ర చివర కట్టిన కొడవలితో రెమ్మలు కోసి మేకలకు వేస్తారు. పశువు నమిలిన కాయలోని గింజల్లో చాలావరకు అరగకుండానే బయటికొస్తాయి. గట్టి పెంకు పేగుల్లో మెత్తబడటంతో, పేడతో పాటు చేలో పడ్డ గింజ తొలకరికే మొలుస్తుంది. ఈ చెట్లను ఎవరూ వరసలు గీసి నాటలేదు. చాలావాటిని పశువులే విత్తాయి, రైతులు ఏరి ఉంచారు.

మందను చేలో కట్టించుకుని పెంటకు బదులు ధాన్యమో డబ్బో ముట్టజెప్పడం రాయలసీమ, పాలమూరు రైతులకు చెప్పాల్సిన పని లేదు. అక్కడా అదే ఒప్పందం. సెరెర్ పల్లెల్లో ఊరి చేలను వంతులవారీగా బీడు వదిలి, ఆ బీడులో రాత్రిళ్లు ఆవులను కట్టేవారు. చెట్టు ఆకు ఆవుకు, ఆవు పేడ సజ్జకు, సజ్జ చొప్ప మళ్లీ ఆవుకు చేరేది. అందుకే ఎరువు సంచి చూడని కాలంలో కూడా ఆ చేలు ఊళ్లకు ఊళ్లను పోషించాయి.

అడవి జంతువులకూ ఈ కాయే ఆధారం. జింబాబ్వేలోని మానా పూల్స్‌లో జాంబెజీ నది ఒడ్డున ఈ చెట్ల తోపులున్నాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా రాలే కాయల కోసం ఏనుగులు అక్కడికి చేరతాయి. కొన్ని మగ ఏనుగులు వెనక కాళ్ల మీద నిలబడి, తొండం చాచి పై కొమ్మల్ని అందుకోవడం నేర్చుకున్నాయి. నమీబియాలో కుయిసెబ్ ఎండునది ఇసుకలో బతికే తోప్నార్ ప్రజలకు మేకలే ఆస్తి, ఆ మేకలకు ఈ కాయలే మేత. చుట్టూ నమీబ్ ఎడారి ఉన్నా అక్కడ మేకల పెంపకం సాగుతోందంటే కారణం నది అడుగు నీటిని అందుకున్న ఈ చెట్లే.

ఇంటి వాడకాలు చాలా ఉన్నాయి, అన్నిటికీ ఒకే బరువు లేదు. అన్నిటికంటే మామూలుదీ ముఖ్యమైనదీ ముళ్ల కంప. నరికిన కొమ్మలను అడ్డంగా పేర్చి దొడ్డి కడతారు, కూరపాదుల చుట్టూ దడి వేస్తారు. సాహెల్‌లో ఎండాకాలపు తోట నిలవాలంటే మేకను ఆపాలి, మేకను ఆపేది కంపే. కలప తేలిక, పురుగు త్వరగా పడుతుంది, అందుకే నీళ్లలో నెలల తరబడి నానబెట్టి వాడతారు. రోళ్లు, రోకళ్లు, గిన్నెలు, నదులున్నచోట దోనెలు చెక్కుతారు. కట్టె కాల్చిన బూడిద సబ్బు తయారీకి పనికొస్తుంది. బెరడు తోళ్లు ఊనడానికి వాడతారు.

వైద్యంలో బెరడు కషాయాన్ని దగ్గుకు, జ్వరానికి, విరేచనాలకు, కాన్పు తర్వాత రక్తస్రావానికి ఇస్తారు. నైజీరియా పరిశోధకులు ఎలుకల మీద చేసిన పరీక్షల్లో బెరడు సారం జ్వరాన్ని, వాపును, విరేచనాలను తగ్గించింది. దాన్నిబట్టి మనుషులకు మందు దొరికిందని చెప్పలేం. ఎంత మోతాదు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్న లెక్కలు తేలకుండా కషాయాన్ని పొగడటం ఆ వైద్యానికి కూడా మేలు చేయదు.

కరువులో తిండి సంగతి వేరు. జాంబెజీ లోయలో పంట పోయిన ఏళ్లలో మనుషులు కూడా ఈ గింజలు తిన్నారు. ఎండిన కాయను చితక్కొట్టి గింజలు వేరుచేస్తారు. వాటిని ఉడకబెడితే పైపొట్టు వదులవుతుంది. పొట్టు ఒలిచి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లలో మెత్తబడేదాకా ఉడికిస్తారు. కట్టెలు, నీళ్లు, రోజంతా పట్టే శ్రమ కావాలి. కొంచెం ధాన్యం ఉన్నా ఈ పని ఎవరూ పెట్టుకోరు. ఇలాంటి వాడకాన్ని సంప్రదాయ ఆహారం అంటూ ముచ్చటగా రాయడం ఆ ఆకలికి న్యాయం చేయదు. అది చివరి దిక్కు. ఆ చివరి దిక్కు మిగిలి ఉండాలన్న ఎరుకతోనే పొలంలో చెట్టును కొట్టనివ్వలేదు.

కొట్టనివ్వకపోవడం వెనక గట్టి శాసనాలే ఉన్నాయి. నైజర్‌లో జిందెర్ రాజ్యాన్ని 19వ శతాబ్దం మధ్యలో ఏలిన సుల్తాను తనిమూన్ గురించి ఇప్పటికీ చెప్పుకునే మాట ఒకటుంది: అనుమతి లేకుండా గావోను నరికినవాడి తల తీసేవాడట, కారణం లేకుండా కొమ్మలు విరిచినవాడి చెయ్యి తీసేవాడట. శిక్ష ఎంతవరకు అమలైందో గానీ, చెట్టు ఖజానాతో సమానమని ఆ రాజ్యం గుర్తించింది. మాలిలో సెగూ నగరాన్ని 4,444 బలాంజాన్ల పట్నం అంటారు. ఆ లెక్కకు పైన ఇంకొక్కటి, వంగిపోయిన బలాంజాన్ ఉందని, అది ఎక్కడుందో ఎవరికీ తెలియదని పెద్దలు చెబుతారు.

తర్వాత వలస పాలకుల చట్టం వచ్చింది. 1935లో ఫ్రెంచి పశ్చిమ ఆఫ్రికా మొత్తానికి అటవీ శాసనం చేసి, విలువైన చెట్లను రక్షిత జాతుల జాబితాలో పెట్టారు, అందులో ఇదీ ఉంది. ఇకమీదట చెట్టు ఎవరి చేలో ఉన్నా కొట్టడానికి అటవీ అధికారి చీటీ కావాలి, లేకపోతే జరిమానా. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ దేశాలు ఇంచుమించు అదే పద్ధతిని కొనసాగించాయి. చెట్టును కాపాడటానికే చేసిన చట్టం చెట్టుకు శత్రువైంది. రైతు లెక్క చాలా తేలిక. మొలకను పెరగనిస్తే పదేళ్ల తర్వాత అది సర్కారు చెట్టు, రెమ్మ కోసినా భయమే. ఇప్పుడే గొర్రుతో పీకేస్తే ఏ తంటా లేదు. పెద్ద చెట్లు ముసలివై పడిపోతుంటే వాటి చోటు తీసుకోవాల్సిన మొలకలు చేలలో మాయమయ్యాయి. 1970లలో, 80లలో వచ్చిన కరువులు ఈ నష్టాన్ని బయటపెట్టాయి.

నైజర్‌లో మారాది ప్రాంతంలో పనిచేసిన ఆస్ట్రేలియా దేశస్థుడు టోనీ రినాడో 1983 ప్రాంతంలో ఒక సంగతి గమనించాడు. తాను నాటించిన మొక్కలు చచ్చిపోతున్నాయి. చేలలో పనికిరాని పొదల్లా కనబడేవి మాత్రం కొట్టేసిన చెట్ల మొదళ్ల నుంచి వచ్చిన పిలకలు. నాలుగు బలమైన పిలకలు ఉంచి మిగతావి కోసేస్తే రెండు మూడేళ్లలో చెట్టు తయారవుతుంది. పద్ధతి కొత్తదేమీ కాదు, రైతులకు తెలిసిందే. కొత్తగా వచ్చిందల్లా, తాము పెంచిన చెట్టు తమదేనన్న నమ్మకం. అటవీ సిబ్బంది జరిమానాలు సడలించాక ఆ పద్ధతి ఊరూరికీ పాకింది. క్రిస్ రైజ్, గ్రే టాపన్ వంటి పరిశోధకులు పాత విమాన చిత్రాలను, ఉపగ్రహ చిత్రాలను పోల్చి, దక్షిణ నైజర్‌లో సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి వచ్చాయని అంచనా కట్టారు. జిందెర్ వైపు చేలలో వాటిలో ఎక్కువ గావోలే. రినాడోకు 2018లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది. 2020లో నైజర్ ప్రభుత్వం ఈ పద్ధతిని గుర్తిస్తూ డిక్రీ తెచ్చింది. సుల్తాను నుంచి ఈ డిక్రీ దాకా నూటయాభై ఏళ్లు చూస్తే, గట్టి శిక్ష కంటే స్పష్టమైన హక్కే చెట్లను ఎక్కువగా పెంచిందని తేలుతుంది.

తెలుగు నేలకు ఈ చెట్టును తెప్పిద్దామా అన్న ప్రశ్న రావచ్చు. అక్కర్లేదు. తెలంగాణ రాష్ట్ర వృక్షంగా గౌరవం పొందిన జమ్మి ఇంచుమించు ఇదే పని చేస్తుంది. తల్లివేరు లోతుకు దిగుతుంది, ఎండాకాలంలో చిగురిస్తుంది, కాయ పశువుకు మేత. వానల్లో ఆకు రాల్చదు, అంతే తేడా, అందుకే దాని కొమ్మలు ఏటా కోయాలి. రాజస్థాన్ రైతులు సజ్జ చేలలో దాన్ని అలాగే ఉంచుకుంటున్నారు. బయటి నుంచి ముళ్ల చెట్టును తెచ్చి వదిలితే ఏమవుతుందో 19వ శతాబ్దంలో అమెరికా ఖండాల నుంచి వచ్చిన సర్కారు తుమ్మ చెరువు కట్టల మీద, బీళ్లలో చూపిస్తూనే ఉంది. ఆఫ్రికా నుంచి మనం తెచ్చుకోవాల్సింది అనుభవం. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా, మినహాయింపు ఉన్న జాతులు తప్ప, అనుమతి తీసుకోవాలి. చేలో తనంతట మొలిచిన జమ్మిని రైతు ఉంచుకుంటున్నాడా, దున్నేస్తున్నాడా అని చూసేటప్పుడు ఈ చట్టం ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సెనెగల్ సెరెర్ చేలలో ఇప్పుడున్న చిక్కు కాస్త వేరు. అక్కడ పెద్ద చెట్లు ఇంకా ఉన్నాయి, నడి వయసు చెట్లు, పిల్ల చెట్లు తక్కువ. పాత పద్ధతిలో చేతి పారతో కలుపు తీస్తూ వెళ్లే రైతుకు మొలక కంటబడేది. పక్కన కర్ర పాతి, మొలకను దానికి కట్టి, కింది రెమ్మలు కోసి, తిన్నగా ఎదిగేదాకా కొన్నేళ్లు సాకేవాడు. కోయకపోతే అది పొదలా నేలబారుగా పాకిపోతుంది. వేరుశనగ సాగు పెరిగి, గుర్రాలు, గాడిదలు లాగే గొర్రులు, గుంటకలు వచ్చాక సాలులో మొలక నిలవడం కష్టమైంది. జనం పెరిగి బీడు వదిలే వంతులు పోయాయి. బీడు లేక మందలు వానాకాలంలో దూరం వెళ్లిపోతున్నాయి, పేడతో పాటు గింజ చేలో పడటమూ తగ్గింది. పట్నంలో గొర్రెల మేతకు గిరాకీ పెరిగి, అమ్మకానికి రెమ్మలు కోసేవాళ్లు ఎక్కువయ్యారు. ఏటా బోడిగా కోసిన చెట్టుకు కాయ రాదు.

జాంబియాలో ఇంకో దారి ప్రయత్నిస్తున్నారు. హెక్టారుకు వంద చెట్ల లెక్కన, పది మీటర్లకొకటి నాటమని అక్కడి వ్యవసాయ సంస్థలు రైతులకు చెబుతున్నాయి. నర్సరీ సంచిలో ఎక్కువ రోజులు ఉంచితే తల్లివేరు చుట్టుకుపోతుంది, అలాంటి మొక్క చేలో నిలవదు. సరిగ్గా నాటినా పంటకు లాభం కనబడటానికి పది, పదిహేనేళ్లు పడుతుంది. కౌలుకు చేసేవాడో, భూమి తన పేరున లేని స్త్రీయో అంతకాలం ఎదురుచూడటం జరిగే పని కాదు. అందుకని నాటే పథకంలో మొక్కల లెక్క కంటే ముందు చూడాల్సింది ఆ చేను మీద రైతుకున్న హక్కు ఎన్నేళ్లదన్నది. నైజర్‌లో కూడా 2020 తర్వాత మిగిలిన పని అలాంటిదే. చెట్టు పెంచిన రైతు హక్కు కాగితం మీదికి వచ్చింది. ఎండాకాలంలో రెమ్మ కోసుకుని, బదులుగా పేడ వదిలి వెళ్లే కాపరి హక్కు చాలా ఊళ్లలో ఇంకా నోటి మాట మీదే నడుస్తోంది.